విశ్రాంతి నుంచి చలనానికి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో మోకీలు మార్పిడి అనంతర చికిత్స – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
మోకీలు మార్పిడి శస్త్రచికిత్స ఫలితం శస్త్రవైద్యుని నైపుణ్యంతో పాటు ఆ తరవాతి వారాల్లో రోగి చేసే వ్యాయామం మీద ఆధారపడి ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలో ఈ వ్యాయామానికి ఇంటిలోనే ప్రతిబంధకం ఎదురవుతున్నది. జబ్బుపడిన మనిషిని కదలనివ్వకపోవడమే సేవ అనే భావన దీనికి మూలం. ఈ భావన కేవలం అజ్ఞానం కాదనీ, సంప్రదాయ వైద్యంతో పాటు ఆధునిక వైద్యం కూడా ఒకప్పుడు దీనిని బలపరిచిందనీ, తరవాత ఆధునిక వైద్యం తన అభిప్రాయం మార్చుకున్నా ఆ మార్పు ఇళ్ళదాకా చేరలేదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మోకీలు మార్పిడి, ఫిజియోథెరపీ, ఆరోగ్యవరం, పుత్తూరు కట్టు, రాయవేలూరు, పథ్యం.

1. ఉపోద్ఘాతం:

క్షయవ్యాధి శానిటోరియం చరిత్రను మోకీలు మార్పిడికి జోడించడం చూసి, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నారని పాఠకులు అనుకోవచ్చు. మొదట నాకూ అలాగే తోచింది. అయితే మదనపల్లె ప్రాంత వైద్య చరిత్రను చదువుతూ, మరోవైపు మా ఇంట్లో ఒక మోకాలు కోలుకోవడానికి పడిన అవస్థను చూస్తూ ఉన్నప్పుడు, ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధం స్పష్టపడింది. ఆ సంబంధానికి కేంద్రం ‘విశ్రాంతి’ అనే ఒక్క మాట.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నేడు ఒకే ప్రాంతంగా కనిపిస్తున్నా, వాటి పాలనా చరిత్ర ఒకటి కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరాయి. కుప్పం తమిళ, కన్నడ దేశాల సరిహద్దుల కూడలి. అయితే పెద్ద జబ్బు చేస్తే ఈ మూడు చోట్ల జనమూ చూసే దిక్కులు మాత్రం చాలాకాలంగా ఒకటే: రాయవేలూరు, బెంగుళూరు, తిరుపతి. వైద్యం దూరాన జరుగుతుంది, కోలుకోవడం ఇంట్లో జరుగుతుంది. ఈ ఎడమే మన పరిశీలనకు ముఖ్యం.

2. గుజ్జు, చిప్ప, మార్పిడి:

భాషాధ్యయనం చేసేవారికి ముందుగా కనిపించేది వాడుక. మోకాలు నొప్పి గురించి ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా ‘గుజ్జు అరిగిపోయింది’ అంటారు. కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థి అరిగిపోవడాన్ని ఈ మాట సూచిస్తుంది. మాట అందంగానే ఉంది, అర్థం కూడా చాలావరకు సరిపోతుంది. శస్త్రచికిత్సను మాత్రం ‘చిప్పలు మార్పించుకోవడం’ అంటారు. ఇది సరిపోదు. మార్చేది ప్రధానంగా మోకాటిచిప్పను కాదు. తొడ ఎముక కింది కొనను, కాలి ఎముక పై కొనను పలచగా కోసి, వాటికి లోహపు తొడుగులు అమర్చి, నడుమ పాలిథిలిన్ పలకను ఉంచుతారు. చిప్ప లోపలి వైపుకు కొందరు వైద్యులు తొడుగు వేస్తారు, కొందరు వేయరు.

అసలు చిక్కు చిప్పతో కాదు, ‘మార్పిడి’తో. పంపుసెట్టుకు బేరింగు మార్చినట్టు, అరిగిన భాగం తీసి కొత్తది పెట్టారు, ఇక పని అయిపోయినట్టే అన్న భావం ఈ మాటలో ఉంది. కండరం గురించి అది ఏమీ చెప్పదు. ఏళ్ళ తరబడి నొప్పికి భయపడి వాడకం తగ్గిన తొడ ముందు కండరం శస్త్రచికిత్సకు ముందే బలహీనపడి ఉంటుంది, శస్త్రచికిత్స తరవాత మరింత నీరసిస్తుంది. కొత్త కీలును నడిపించవలసింది ఆ కండరమే. ఇక ఫిజియోథెరపీకి పత్రికల్లో ‘భౌతిక చికిత్స’, ‘వ్యాయామ చికిత్స’ అనే మాటలు అక్కడక్కడ కనిపిస్తున్నా జనం నోట నిలిచిన తెలుగు మాట లేదు. శస్త్రచికిత్సకు ‘ఆపరేషన్’ ఉంది, మందుకు మందు ఉంది. ఈ మూడోదాన్ని మా ఊళ్ళలో ‘కాలు వంచే మనిషి’ చేసే పనిగా చెప్పుకొంటారు.

3. కట్టు, పడక:

ఎముక విషయంలో ఈ సీమ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. ఎముక విరిగితే పుత్తూరు దగ్గరికి వెళ్ళి ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డతో కట్టించుకొని రావడం తరాలుగా ఉన్న ఆనవాయితీ. తమిళ, కన్నడ ప్రాంతాల నుంచి కూడా జనం వచ్చేవారు, నేటికీ వస్తున్నారు. కట్టు సూత్రం స్పష్టం: విరిగినదాన్ని కదలనివ్వకు. విరిగిన ఎముక విషయంలో ఆ సూత్రం చాలావరకు సరైనదే. అయితే జనం మనసులో అది విరిగిన ఎముకకు పరిమితం కాకుండా, ఎముకకు సంబంధించిన ఏ బాధకైనా వర్తించే నియమంగా స్థిరపడింది.

ఇది నాటువైద్యపు భావన మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆధునిక అస్థివైద్యానికి ఆద్యులలో ఒకరైన లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ ఎముకలు కట్టే సంప్రదాయ కుటుంబంలో పుట్టినవాడు. తుంటి, మోకాలు, చీలమండ వ్యాధులపై 1875లో వెలువరించిన గ్రంథంలో కీలు వ్యాధులకు పూర్తి విశ్రాంతిని, అదీ ఎడతెగని దీర్ఘ విశ్రాంతిని, ఆయన సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. ఆయన పేర ఉన్న థామస్ స్ప్లింట్ ఆ సిద్ధాంతానికి ఇనుపరూపం. నాటి కీలు వ్యాధుల్లో పెద్దభాగం క్షయవల్ల వచ్చేవి. మందులేని కాలంలో కీలును కదలకుండా ఉంచడం తప్ప వైద్యుని చేతిలో ఉన్నది తక్కువ.

ఈ సిద్ధాంతం మన ప్రాంతానికి ఊపిరితిత్తుల ద్వారా వచ్చింది. డెన్మార్కుకు చెందిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ 1912లో మదనపల్లెలో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియాన్ని ప్రారంభించాడు. 1915లో అది ఊరి వెలుపల ప్రస్తుత స్థలానికి మారింది. దక్షిణ భారతంలోని అనేక మిషన్లు కలిసి నడిపిన సంస్థ కాబట్టి పేరులో ‘యూనియన్’. సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, చుట్టూ కొండలు ఆ చోటును ఎంచుకోవడానికి కారణాలు. ఆ స్థలానికి ఆరోగ్యవరం అనే పేరు స్థిరపడింది. ‘వరం’ మన ఊరిపేర్లలో సాధారణ పదమే అయినా, ఇక్కడ దాని రెండో అర్థం కూడా ఉద్దేశించినట్టే ఉంది. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చిన చోటు అది. పి.వి. బెంజమిన్ ఇక్కడి నుంచే తరవాత భారత ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారుగా వెళ్ళాడు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైనది మదనపల్లెలోనే. ఈ ఊరికి ఠాగూరు, జిడ్డు కృష్ణమూర్తి తెచ్చిన కీర్తిని తరచు తలుచుకొనే మనం ఈ విషయాన్ని అంతగా తలుచుకోము.

శానిటోరియం యుగంలో చికిత్స అంటే పడక. జ్వరం ఉన్నంతకాలం పూర్తి విశ్రాంతి, వేళపట్టున మౌనంగా పడుకోవడం, మంచి తిండి, గాలి. రొమ్ములోకి గాలి ఎక్కించి జబ్బుచేసిన ఊపిరితిత్తిని ముడుచుకొనేలా చేసే పద్ధతి కూడా ఆ కాలంలో విస్తృతంగా ఉండేది. ఆ అవయవానికే విశ్రాంతి ఇవ్వడం దాని ఉద్దేశం. ఎముకకు క్షయ సోకినవారికి ప్లాస్టరు కట్టు, నెలల తరబడి మంచం. సరిగ్గా ఇక్కడే గమనించవలసిన విషయం ఒకటుంది. శానిటోరియం పద్ధతిలో విశ్రాంతి ఒక్కటే లేదు. జ్వరం తగ్గిన రోగిని ముందు కూర్చోబెట్టి, తరవాత కొద్ది దూరం నడిపించి, దూరాన్ని రోజురోజుకూ పెంచుతూ, చివరికి తోటపని వంటి శ్రమను కొలిచి ఇచ్చే పద్ధతి కూడా అందులో భాగం. ఇంగ్లాండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ 1905 నుంచి దీనిని ఒక క్రమంగా తీర్చిదిద్దాడు. నేటి ఫిజియోథెరపిస్టు రోగికి ఇచ్చే నడక లెక్కకు ఇది దగ్గరి చుట్టమే. అయినా మన ప్రాంతపు జ్ఞాపకంలో మిగిలినది కొలిచి ఇచ్చిన నడక కాదు, మంచం. ‘ఆరోగ్యవరంలో ఉన్నారు’ అంటే కదలకుండా పడుకొని ఉన్నారు అనే అర్థం మా అమ్మమ్మ తరంలో ఉండేది.

ఎందుకిలా జరిగింది? మంచం మన ఇళ్ళలో అప్పటికే ఉన్న మరో సంప్రదాయంతో కలిసిపోయిందని నా అభిప్రాయం. అది బాలింత పథ్యం. చెవుల్లో దూది, వేడినీళ్ళు, కారప్పొడి అన్నం, నేలమీద కాలు పెట్టనివ్వకపోవడం. ఇంట్లో ఎవరికి ఏ ఆపరేషన్ జరిగినా, మగవారికైనా సరే, ఈ నమూనానే కొద్ది మార్పులతో అమలవుతుంది. శానిటోరియం దానికి శాస్త్రపు ముద్ర వేసింది.

4. పడక ఓడిన వైనం:

ఈ ముద్రను చెరిపినది కూడా మన పొరుగునే జరిగిన పరిశోధన. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ ఔషధ చికిత్సా పరిశోధన కేంద్రం, ఒకే మందులు ఇస్తూ కొందరు రోగులను శానిటోరియంలోనూ కొందరిని ఇంట్లోనూ ఉంచి ఫలితాలను పోల్చింది. ఇంట్లో ఉన్నవారు ఇరుకు గదుల్లో, తక్కువ తిండితో, తక్కువ విశ్రాంతితో గడిపినా, వారి ఫలితాలు శానిటోరియం రోగుల ఫలితాలకు తీసిపోలేదు. 1959లో ఇది ప్రకటితమైన తరవాత ప్రపంచమంతటా క్షయకు శానిటోరియం అవసరం తగ్గిపోయింది. ఆరోగ్యవరం క్రమంగా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది.

అంతకు ముందే, 1947లో, రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు పడకవల్ల కలిగే ప్రమాదాల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. రక్తం గడ్డకట్టడం, కండరాలు క్షీణించడం, కీళ్ళు బిగుసుకుపోవడం అన్నీ అందులో ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పడకల కొరతవల్ల శస్త్రచికిత్స అయిన వారిని త్వరగా లేపక తప్పలేదు. లేపితే మేలే జరిగింది.

5. దంతపు కీలు నుంచి లోహపు కీలుకు:

మోకీలు మార్పిడి చరిత్ర కూడా క్షయతోనే మొదలవుతుంది. బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ 1890 మే నెలలో 17 ఏళ్ళ యువతికి క్షయ సోకి పాడైన మోకీలు తీసివేసి ఏనుగుదంతంతో చేసిన బందు కీలును అమర్చాడు. మొదట బాగా పనిచేసిన అలాంటి కీళ్ళు తరవాత చీముపట్టి విఫలమయ్యాయి. క్షయ సోకిన కీలులో కృత్రిమ కీలు నిలవదని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తరవాత ఎనిమిది దశాబ్దాలకు గాని నిలిచే కీలు రాలేదు. 1968లో ఫ్రాంక్ గన్‌స్టన్, 1974లో న్యూయార్కులో జాన్ ఇన్సాల్ బృందం రూపొందించిన కీళ్ళు నేటి నమూనాలకు మూలం. ఇన్సాల్ బృందంలోని చిత్తరంజన్ రణావత్ మధ్యప్రదేశ్‌లో పుట్టి ఇండోర్‌లో వైద్యం చదివినవాడు.

మొదటి తరం రోగులను శస్త్రచికిత్స తరవాత కొన్ని రోజులు కట్టుతో మంచంలో ఉంచేవారు. కెనడాకు చెందిన రాబర్ట్ సాల్టర్, కీలు మృదులాస్థికి కదలికే పోషణ అని 1970ల నుంచి జంతు ప్రయోగాలతో చూపాడు. కాలిని యంత్రమే నెమ్మదిగా వంచి చాపే పద్ధతి అక్కడి నుంచి వచ్చి కొంతకాలం మోకీలు మార్పిడి వార్డుల్లో విరివిగా వాడుకలో ఉంది. యంత్రంకంటే రోగి తనంతట తాను చేసే కదలికే ముఖ్యమని తరవాత తేలింది. నేడు చాలాచోట్ల ఆపరేషన్ అయిన రోజునో మర్నాడో వాకరు పట్టించి నిలబెడుతున్నారు.

6. రాయవేలూరు దారి:

ఆపరేషన్ అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది, పనిచేసే అవయవాన్ని ఇచ్చేది శిక్షణ అనే సూత్రం దక్షిణాదిలో ముందుగా స్థిరపడినది రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, అదీ మోకాలిలో కాదు, కుష్ఠురోగుల చేతిలో. పాల్ బ్రాండ్ 1940ల చివర ముడుచుకుపోయిన వేళ్ళకు మరొక కండరపు స్నాయువును మళ్ళించి అతికించే శస్త్రచికిత్సను అభివృద్ధి చేశాడు. అతికించిన స్నాయువుకు కొత్త పని తెలియదు. ఒక పనికి అలవాటుపడిన కండరానికి మరో పని నేర్పాలి. ఆ నేర్పే పని శస్త్రవైద్యుడిది కాదు, వారాల తరబడి పక్కన కూర్చొనే ఫిజియోథెరపిస్టుది.

అదే కళాశాలలో చదివిన మేరీ వర్గీస్ 1954లో జరిగిన మోటారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. ఆ కుర్చీలో కూర్చొనే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. న్యూయార్కులో హోవర్డ్ రస్క్ వద్ద పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి 1963లో రాయవేలూరులో ఆ శాఖ బాధ్యత చేపట్టింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడింది. అప్పటికి బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1953లో మొదలైన ఫిజియోథెరపీ పాఠశాల పనిచేస్తున్నది. దానికి ప్రేరణ పోలియో. అంటే మన దేశంలో ఈ విద్య కుష్ఠు, పోలియో, వెన్నుదెబ్బ అనే మూడు దారుల్లో వచ్చింది. ముసలివారి అరిగిన మోకాలు ఈ వరుసలో చివర చేరింది.

మదనపల్లె నుంచి పాకాల, కాట్పాడి మీదుగా రాయవేలూరు వెళ్ళిన రోగులకు ఈ విద్య అక్కడ వార్డులో కనిపించేది. తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి పేరులోనే పునరావాసం ఉంది. కుప్పంలో ఈ శతాబ్ది ఆరంభంలో వైద్య కళాశాల వచ్చింది. ఆసుపత్రి గోడల మధ్య కొరత చాలావరకు తీరిందనే చెప్పాలి. కొరత గడప ఇవతల ఉంది.

7. ఇంటికి వచ్చిన మోకాలు:

పుంగనూరు దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మకు 64వ ఏట కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రి. వేరుశనగ కాయలు వలవడానికి గొంతుకూర్చోవడం, టమోటా తోటలో వంగడం, కట్టెలపొయ్యి ముందు బాసింపట్టు వేసుకోవడం ఆమె జీవితమంతా మోకాలు చేసిన పని. ఐదో రోజున ఇంటికి పంపారు. చేతికిచ్చిన ఇంగ్లీషు కాగితంలో మందుల జాబితా పదమూడు వరుసలు, వ్యాయామానికి ఒకే వరుస. దాని అర్థం ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసి ఉండవలసిన నేను ఆ వారం పరీక్షల మూల్యాంకనంలో ఉన్నాను.

ఇంట్లో ఆమెను బాలింతను చూసినట్టు చూశారు. కోడలు మంచం దిగనివ్వలేదు. మోకాలి కింద మెత్తని దిండు పెట్టింది. పెద్దమ్మకు ఆ దిండు హాయిగా ఉండేది. ఆ హాయిలోనే హాని ఉంది. మోకాలి కింద దిండు పెడితే కీలు కొద్దిగా వంగిన స్థితిలో ఉంటుంది, వెనుకవైపు కణజాలం ఆ స్థితిలోనే బిగుసుకుపోతుంది, తరవాత కాలు పూర్తిగా చాపుకోదు. దిండు పెడితే మడమ కింద పెట్టాలి. మోకాలి వెనుక భాగాన్ని పరుపుకు నొక్కడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలు నిటారుగా ఎత్తి పట్టుకోవడం, రక్తం గడ్డకట్టకుండా పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, ఇవేవీ ఖరీదైన యంత్రాలు కోరేవి కావు. అయితే నొప్పి ఉంటుంది. నొప్పిమాత్ర వేసుకొని కాసేపటికి చేయాలని ఎవరో ఒకరు చెప్పాలి. నొప్పి పుడితే ఆపేయడం సేవ అనుకొనే ఇంట్లో, నొప్పిలోనూ చేయించే మనిషి శత్రువులా కనిపిస్తాడు.

ఎనిమిది వారాల తరవాత తిరిగి చూపించినప్పుడు ఆమె మోకాలు 70 డిగ్రీలే వంగుతున్నది, పూర్తిగా చాపుకోవడం లేదు. ఈ అంకెకు అర్థం తెలియాలంటే మామూలు పనులతో పోల్చాలి. చదునైన నేల మీద నడకకు సుమారు 60 నుంచి 70 డిగ్రీలు చాలు. మెట్లు ఎక్కి దిగడానికి 80 నుంచి 100, మామూలు కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడానికి 90 పైబడి కావాలి. గొంతుకూర్చోవడానికి 130 దాటాలి, కృత్రిమ కీలుతో అది సాధారణంగా సాధ్యం కాదు, చేయవద్దనే వైద్యులు చెబుతారు. పెద్దమ్మ ఇంట్లో నడవగలదు. ఆర్టీసీ బస్సు మెట్టు మాత్రం ఎక్కలేదు. మత్తు ఇచ్చి మోకాలిని వంచే ప్రక్రియ చేశారు. ఆ తరవాత మదనపల్లె నుంచి ఒక యువ ఫిజియోథెరపిస్టు మోటారు సైకిలు మీద వారానికి మూడుసార్లు వచ్చాడు. మనవడు నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. కుర్చీలో కూర్చొని ఆమె మడమను వెనక్కి జరిపేది. ఏ రోజు ఏ గీత చేరిందో వాడు చెప్పేవాడు. 95 డిగ్రీల దగ్గర అది నిలిచింది.

ఆ యువకుడు మాతో అన్నమాట ఒకటి ఈ వ్యాసానికి కారణం. తనను ఇంటికి పిలిచేవారిలో ఎక్కువమంది కాలు బిగుసుకుపోయిన తరవాతే పిలుస్తారట.

8. ధర లేని పని:

2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకీలు కృత్రిమ భాగాలకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్-క్రోమియం కీలు సగటు ధర అంతకుముందు రూ. 1,58,324 కాగా, దానిని పన్ను కాకుండా రూ. 54,720కి పరిమితం చేశారు. ఇది గొప్ప మేలు. అయితే ప్రభుత్వం ధర కట్టినది లోహానికి. ఆ లోహాన్ని నడిపించడానికి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా పట్టే మనిషి శ్రమ ఆ లెక్కలోకి రాలేదు. ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకు దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గాని రాలేదు. భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడినది 1955లో. వృత్తికి, దాని చట్టానికి మధ్య 66 ఏళ్ళు గడిచాయి.

తెలుగు శాఖలో పనిచేసే మాకు ఇందులో ఒక వాటా ఉందని భావిస్తాను. ఆసుపత్రి ఇచ్చే ఆ ఒక్క ఇంగ్లీషు వరుసను, బొమ్మలతో, ఈ ప్రాంతపు మాటల్లో, ఒక పుట తెలుగుగా మార్చడం పెద్ద పరిశోధన కాదు. ‘దిండు మోకాలి కింద కాదు, మడమ కింద’ అన్న వాక్యానికి అనువాద సిద్ధాంతాలు అక్కరలేదు. మా కళాశాల విద్యార్థులతో ఆ పని మొదలుపెట్టాం. మొదటి ప్రతిని చదివి వినిపించినప్పుడు పెద్దమ్మ రెండు మాటలు మార్పించింది. ‘చీలమండ’ అంటే ఎవరికి తెలుస్తుందని అడిగింది. ‘విశ్రాంతి తీసుకోవచ్చు’ అన్నచోట ఎంతసేపో రాయమన్నది.

ఆమె ఎడమ మోకాలికి ఆపరేషన్ వచ్చే సంక్రాంతి తరవాత. ఈసారి ఆమె ఆసుపత్రి పేరు గాని, కీలు రకం గాని అడగలేదు. కాలు వంచే ఆ అబ్బాయి ఇంకా మదనపల్లెలోనే ఉన్నాడా అని అడిగింది. అతను బెంగుళూరు వెళ్ళిపోయాడు. పుంగనూరులో మరొకరి కోసం విచారిస్తున్నాం.